మూగవోయిన ఋతుచక్రమును ప్రశ్నించిన పరీక్షలు

పెండ్లియై నాలుగేండ్లు గడచినను బిడ్డ కలుగని యిల్లాలిని, ఈడు వచ్చినను ముట్టు కాని పిల్లను మన సమాజము చిరకాలము ఒకే తీరున చూచినది. 'గొడ్రాలు' అను మాట ఒకటి పుట్టించి, దానిని ఆమె నుదుట అంటించి ఊరకున్నది. ఆ మాటకు పురుషుని పక్షమున సరితూగు మాట మన వాడుకలో లేకపోవుట గమనింపదగినది. విచారణ లేకుండ చెప్పిన తీర్పు అది. నేరము ఎవరిదో, అసలు నేరమనునది కలదో లేదో ఎవరును అడుగలేదు. అడుగుటకు సాధనమును లేకుండెను. స్త్రీ దేహములోని ఒక్కొక్క అవయవమును వేరువేరుగ ప్రశ్నించి, దానిచేతనే సమాధానము చెప్పించు విద్య ఇరువదవ శతాబ్దమున మెల్లమెల్లగ రూపొందినది. ఆ విద్య ఎట్లు వచ్చినదో, దాని వలన మేలుతో పాటు కీడును ఎట్లు కలిగినదో ఇచ్చట మనవి చేయుదుము.

మొదట ఈ ప్రశ్న ఎందుకు కష్టమైనదో తెలిసికొనవలెను. నెలనెల జరుగు ఋతుస్రావము గర్భాశయమున కనబడుచున్నను, దానిని నడిపించు ఆజ్ఞ అచ్చట పుట్టునది కాదు. మెదడు అడుగున హైపోథలమస్ అను చిన్న భాగము కలదు. అది దాని క్రిందనే వ్రేలాడు పిట్యూటరీ గ్రంథికి ఆజ్ఞ పంపును. పిట్యూటరీ తన హార్మోనులను రక్తములోనికి విడిచి అండాశయములను మేల్కొల్పును. అండాశయములు ఈస్ట్రోజెను, ప్రొజెస్టెరోను అను రెండు హార్మోనులను వంతులవారీగ తయారుచేసి గర్భాశయపు లోపలిపొరను పెంచును, పండించును. ఆ హార్మోనులు తగ్గగనే ఆ పొర రాలిపోవును. అదియే ఋతుస్రావము. ఈ నాలుగు మెట్లలో ఏ మెట్టు విరిగినను పైకి కనబడు లక్షణమొక్కటే: ముట్టు నిలిచిపోవుట.

మన యింటి రేడియో ఉన్నట్టుండి మూగవోయినదనుకొందము. ఏరియలు తెగినదో, లోపలి భాగమేదైన చెడినదో, స్పీకరే పాడైనదో బయటినుండి చూచి చెప్పలేము. తెలిసిన మెకానిక్కు స్పీకరుతో మొదలుపెట్టును. దానికి తన చేతిలోని పరికరముతో చిన్న సంకేతమునిచ్చి చెవియొగ్గును. అది పలికినచో దోషము దానిది కాదని గ్రహించి, ఒక మెట్టు వెనుకకు పోయి అచ్చట సంకేతమునిచ్చును. ఇట్లు వెనుకకు నడచుచు పోగా, సంకేతమిచ్చినను స్పీకరు పలుకని చోటు తగులును. చెడినది అచ్చటనే. వైద్యులు స్త్రీ దేహమును పరీక్షించిన చరిత్రయు అచ్చముగ ఇట్లే వెనుకనుండి ముందునకు, గర్భాశయము నుండి మెదడు దాక నడచినది.

అండాశయము రక్తముద్వారా ఏదో ఒక పదార్థమును పంపుచున్నదను సంగతి 1896లో వియెన్నా నగరమున ఎమిల్ క్నావుర్ కుందేళ్లపై చేసిన ప్రయోగములచే తేటపడసాగినది. అండాశయములను ఉన్నచోటు నుండి తీసి, అదే కుందేటి శరీరమున మరియొక చోట నాటినను దాని గర్భాశయము ఎండిపోలేదు. నరముల సంబంధము తెగినను పని సాగినదనగా వార్త రక్తమున పోవుచున్నదన్నమాట. 1903లో బ్రెస్లావు నగరమున లుడ్విగ్ ఫ్రాంకెల్, అండము విడుదలైన చోట ఏర్పడు పచ్చని ముద్దను తొలగించినచో కుందేటి గర్భము నిలువదని చూపెను. 1905లో లండను నగరమున ఎర్నెస్టు స్టార్లింగు తన ఉపన్యాసములలో ఇట్టి వార్తాహర పదార్థములకు 'హార్మోను' అను పేరును ప్రచారము చేసెను. 1923లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఎడ్గార్ అలెన్, ఎడ్వర్డ్ డాయిసీ అను ఇరువురు పంది అండాశయములలోని ద్రవమును తీసి, అండాశయములు తొలగించిన ఎలుకలకు ఎక్కించి, వానిలో ఋతుకాల లక్షణములను తిరిగి పుట్టించిరి. 1929లో ఈస్ట్రోజెను జాతికి చెందిన మొదటి హార్మోను స్ఫటికరూపమున చేతికి చిక్కినది. 1934లో ప్రొజెస్టెరోను శుద్ధరూపమున లభించినది.

ఇట్లు సంకేతములు సీసాలోనికి వచ్చిన పిమ్మట మొదటి ప్రశ్న అడుగుటకు వీలైనది. 1932-33 సంవత్సరములలో బెర్లిను వైద్యుడు కార్ల్ కావుఫ్‌మన్, అండాశయములు తొలగింపబడిన స్త్రీలకు మొదట ఈస్ట్రోజెనును పెద్ద మోతాదులలోను, తరువాత పచ్చముద్ద హార్మోనును ఇచ్చి, ఆపివేసెను. కొలది దినములలో వారికి నెలసరి వంటి స్రావమైనది. అండాశయములే లేని దేహమున గర్భాశయము పలికినది! గర్భాశయము స్పీకరు వంటిది, దానికి సంకేతము చాలును అని ఋజువైనది. ఆనాడు ఆ హార్మోనుల తయారీకి అయిన ఖర్చు అపారము. అందుచేత ఆ పరీక్ష సామాన్యుల దరి చేరుటకు మరికొంత కాలము పట్టినది.

దానిని సులభము చేసిన ప్రముఖులలో బెర్న్‌హార్డ్ జోండెక్ ఒకరు. బెర్లినులో పేరుపొందిన ఈ వైద్యుడు యూదుడైనందున 1933లో పదవి పోగొట్టుకొని దేశము విడిచి, కొంతకాలము స్వీడనులో ఉండి జెరూసలేము చేరెను. 1942లో ఆయన ముట్టు నిలిచిన స్త్రీలకు కొలది సూదిమందులతోనే స్రావము కలిగించు సులువైన పద్ధతిని ప్రకటించెను. తరువాతి దశాబ్దములలో ఇదియే ప్రొజెస్టెరోను పరీక్షగ స్థిరపడినది. ప్రొజెస్టెరోను నోటిద్వారా ఇచ్చిన సరిగ పనిచేయదు. 1951లో మెక్సికో నగరమున నోటి మాత్రగ పనిచేయు కృత్రిమ రూపము తయారైన పిదప, ఇట్టి మాత్రలు వ్యాప్తిలోనికి వచ్చి సూది అవసరమును తగ్గించినవి.

ఈ పరీక్ష జరుగు తీరు ఇది. ముందుగ స్త్రీ గర్భవతి కాదని నిశ్చయించుకొనవలెను. అటుపై ఐదు మొదలు పది దినముల వరకు మాత్రలనిచ్చి ఆపుదురు. వారము, పదిదినములలోపల స్రావమైనచో మూడు సంగతులు తెలియును: గర్భాశయపు లోపలిపొర ఉన్నది, బయటికి వచ్చు దారి మూసికొనలేదు, అండాశయము కొంతైన ఈస్ట్రోజెనును తయారుచేయుచున్నది. కొరవడినది అండము విడుదలగుటయే కావచ్చును. స్రావము కానిచో ఈస్ట్రోజెనును మూడు వారములు ఇచ్చి, చివర ప్రొజెస్టెరోనును చేర్చి మరల చూతురు. అప్పుడు స్రావమైనచో గర్భాశయము నిర్దోషి. దానికి ఈస్ట్రోజెను అందలేదన్నమాట. అప్పటికిని కానిచో దోషము గర్భాశయమునదే. గర్భాశయములోపలి గోడలు గాయపడి ఒకదానితో నొకటి అతుకుకొని పోవు వ్యాధిని 1948లో జోసెఫ్ ఆషర్‌మన్ విపులముగ వర్ణించెను. అది ఆయన పేరుననే నేటికిని చెలామణి అగుచున్నది.

ఇంత సరళమైన పరీక్ష ఒక చోట దారి తప్పినది. ఆ కథను దాచుట న్యాయము కాదు. హార్మోను మాత్రలు ఆపిన పిదప స్రావమైనచో ఆమె గర్భవతి కాదని, కానిచో గర్భవతియని చెప్పవచ్చునను తర్కముతో, అవే హార్మోనులు గర్భపరీక్ష మాత్రలుగ అనేక దేశములలో అమ్ముడుపోయినవి. నిలిచిన గర్భమునకే ఆ మందు సోకుచున్నదను ఆలోచన ఆలస్యముగ వచ్చినది. 1967లో బ్రిటనులో ఇసబెల్ గాల్ అను వైద్యురాలు పుట్టుకతో వచ్చు వెన్నెముక లోపములకును ఈ మాత్రలకును సంబంధముండవచ్చునని హెచ్చరించెను. అయినను ఆ దేశమున అట్టి ప్రధాన మందు 1978 వరకు విపణిలో నిలిచినది. దాని వలన నిజముగ హాని జరిగినదా అను వాదము ఇంకను తెగలేదు. 2017లో ఒక నిపుణుల సంఘము సంబంధమును స్థాపించుటకు ఆధారము చాలదన్నది. 2020లో మరియొక విచారణ దానిని 1967లోనే ఆపివేసి యుండవలసినదని తేల్చినది. మన దేశమునను ఈస్ట్రోజెను, ప్రొజెస్టెరోను కలిపిన పెద్ద మోతాదు మందులు గర్భపరీక్షకని, గర్భము పోగొట్టుటకని దుర్వినియోగమైనవి. మహిళా సంఘముల, వైద్యుల సుదీర్ఘ ఆందోళనానంతరము 1988లో కేంద్ర ప్రభుత్వము వానిని నిషేధించెను. గర్భము నిర్ణయించుటకు మూత్రపరీక్ష ఉండగా హార్మోను మింగుట అనవసరమని నేడు అందరును ఎరుగుదురు. ప్రశ్న అడుగుటకు ముందు ఆ ప్రశ్న వలన ఎవరికి దెబ్బ తగులునో చూచుకొనవలెనను పాఠము మాత్రము ఎల్లకాలమునకు వర్తించును.

గర్భాశయము తరువాతి మెట్టు అండాశయము. అది పలుకవలెనన్నచో పిట్యూటరీ హార్మోను కావలెను. 1926-28 సంవత్సరములలో జోండెక్, ఆయన సహచరుడు సెల్మార్ ఆష్‌హైమ్ బెర్లినులోను, ఫిలిప్ స్మిత్ అమెరికాలోను వేరువేరుగ, అండాశయములను నడిపించునది పిట్యూటరీ ముందుభాగమని నిరూపించిరి. అయితే జంతువుల పిట్యూటరీ నుండి తీసిన మందు మనుష్యులలో కొంతకాలము పనిచేసి, దేహము దానికి ఎదురుతిరుగుటచే నిష్ఫలమగుచుండెను. మానవ హార్మోనే కావలసివచ్చెను. 1958లో స్వీడను వైద్యుడు కార్ల్ గెమ్‌జెల్ మృతుల పిట్యూటరీ గ్రంథుల నుండి తీసిన హార్మోనుతో, ముట్టు నిలిచిన స్త్రీలలో అండము విడుదల చేయించెను. ఇంచుమించు ఆ కాలముననే ముట్లుడిగిన స్త్రీల మూత్రమున ఈ హార్మోను సమృద్ధిగ ఉండుటను ఆధారము చేసికొని ఇటలీలో పియెరో దొనీనీ దానిని శుద్ధిచేసెను. ఇటలీలోని మఠములలో నివసించు వృద్ధ సన్యాసినుల మూత్రమును సేకరించి ఈ మందు తయారుచేసిరి. ఇజ్రాయేలులో బ్రూనో లూనెన్‌ఫెల్డ్ దానిని ప్రయోగింపగా 1962 నాటికి శిశుజననము సిద్ధించినది. సంసారము వీడిన స్త్రీల దేహము నుండి సంతానము లేని స్త్రీలకు మందు లభించుట చరిత్రలోని వింతలలో ఒకటి.

మృతుల గ్రంథుల నుండి తీసిన మందు వెల మాత్రము మరియొక రీతిని చెల్లింపవలసి వచ్చెను. ఏండ్ల తరబడి దాగియుండి మెదడును నాశనము చేయు క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్ అను వ్యాధి ఆ గ్రంథుల ద్వారా కొందరికి సంక్రమించినది. ఆస్ట్రేలియాలో సంతానము కొరకు ఈ చికిత్స పొందిన స్త్రీలలో కొందరు ఆ వ్యాధిచే మరణించిరి. 1985లో పలు దేశములు మానవ పిట్యూటరీ నుండి తీసిన హార్మోనుల వాడుకను నిలిపివేసినవి. బిడ్డ కొరకై ఆశతో సూది పొడిపించుకొన్న ఆ తల్లులను ఈ చరిత్ర మరువరాదు.

సూది లేకుండ అండాశయమును పలికించు మరియొక మార్గము 1961లో తెరచుకొన్నది. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున రాబర్ట్ గ్రీన్‌బ్లాట్ బృందము క్లోమిఫీను అను మాత్రతో అండము విడుదల అగుటను ప్రకటించినది. ఈ మాత్ర చేయు పని చమత్కారమైనది. దేహములో ఈస్ట్రోజెను లేదని మెదడును భ్రమింపజేయును. మెదడు కలవరపడి పిట్యూటరీని తొందరపెట్టును. పిట్యూటరీ అండాశయమును తట్టును. 1987లో డేవిడ్ నవోట్, ఆయన సహచరులు దీనినే పరీక్షగ మార్చిరి. ఋతుచక్రమున ఐదవ దినము నుండి తొమ్మిదవ దినము వరకు దినమునకు 100 మిల్లీగ్రాముల మాత్రనిచ్చి, మూడవ, పదవ దినములలో ఎఫ్.ఎస్.హెచ్. అను పిట్యూటరీ హార్మోనును కొలుతురు. అండాశయమున అండముల నిలువ బాగుగ ఉన్నచో పదవ దినమునకు ఆ హార్మోను అదుపులో ఉండును. నిలువ తరిగినచో అండాశయము 'చాలు' అని చెప్పలేదు గనుక హార్మోను పెచ్చుపెరుగును. మామూలు కొలతకు అందని లోటును ఒత్తిడి పెట్టి బయటపెట్టుటయే దీని మర్మము.

ఇక మిగిలినవి పిట్యూటరీ, దాని పై అధికారి హైపోథలమస్. వీనిలో ఏది ఏమరినదో చెప్పుట అన్నింటికన్న కష్టము. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జెఫ్రీ హారిస్, మెదడు నుండి పిట్యూటరీకి ఆజ్ఞలు నరముల ద్వారా కాక సన్నని రక్తనాళముల ద్వారా హార్మోను రూపమున దిగుచున్నవని వాదించెను. 1952లో ఆయనయు డోరా యాకోబ్‌సన్ అను శాస్త్రవేత్తయు ఎలుకల పిట్యూటరీని పెరికి, హైపోథలమస్ క్రింద నాటగా అది మరల పనిచేసినది. మెదడు క్రిందనే మరియొక చోట నాటగా పనిచేయలేదు. ఆజ్ఞ వచ్చుచోటు తెలిసినది గాని ఆజ్ఞారూపమైన ఆ పదార్థము మాత్రము కంటబడలేదు.

దానికై జరిగిన వేట ఒక పెద్ద పందెముగ పరిణమించినది. ఆండ్రూ షాలీ పంది మెదళ్లను, రోజర్ గిలెమిన్ గొఱ్ఱె మెదళ్లను లక్షల సంఖ్యలో కబేళాల నుండి తెప్పించి, ఒకరితో నొకరు పోటీపడి ఏండ్లకొలది వడపోసిరి. 1971లో షాలీ ప్రయోగశాలలో ఆ పదార్థపు నిర్మాణము తేలినది. పది అమైనో ఆమ్లముల చిన్న గొలుసు అది, జి.ఎన్.ఆర్.హెచ్. అని నేటి పేరు. నిర్మాణము తెలియుటతో దానిని ప్రయోగశాలలో కృత్రిమముగ కూర్చుటకు వీలైనది. మృతదేహముల అవసరము లేకపోయినది. రక్తములోని అతిసూక్ష్మమైన హార్మోనును కొలుచు పద్ధతిని అంతకుముందే న్యూయార్కులో రోజాలిన్ యాలో, సాలమన్ బెర్సన్ కనిపెట్టియుండిరి. 1977లో గిలెమిన్, షాలీ, యాలో ముగ్గురును నోబెల్ బహుమానమును పంచుకొనిరి. బెర్సన్ 1972లోనే మరణించుటచే ఆ గౌరవమునకు నోచుకొనలేదు.

ఈ రెండు సాధనములు కలిసి మూడవ ప్రశ్నను సాధ్యము చేసినవి. ఆ హార్మోనును సాధారణముగ 100 మైక్రోగ్రాములు నరములోనికి ఎక్కించి, ముందొకమారు, తరువాత అరగంటకు, గంటకు రక్తము తీసి పిట్యూటరీ హార్మోనులను కొలుతురు. అవి పెరిగినచో పిట్యూటరీ బాగున్నది, ఆజ్ఞయే రాలేదు. పెరుగనిచో పిట్యూటరీయే చెడినది. ఇట్లు తర్కించి వైద్యులు సంబరపడిరి. అయితే దేహము అంత సులభముగ సమాధానము చెప్పలేదు. చాలకాలము ఆజ్ఞ అందని పిట్యూటరీ సోమరియై, మంచిదైనను మొదటి సూదికి ఉలుకదు. కొన్ని దినములు మరల మరల ఇచ్చిన పిమ్మటగాని మేల్కొనదు. కావున ఒక్క పరీక్షతో దోషము ఏ మెట్టుదో నిర్ణయించుట పొరబాటని అనుభవము నేర్పినది.

ఇందలి రహస్యమును 1978లో పిట్స్‌బర్గు నగరమున ఎర్నెస్టు నోబిల్ బృందము బయటపెట్టినది. హైపోథలమస్ దెబ్బతిన్న కోతులకు ఆ హార్మోనును ఎడతెగక ఎక్కించిన పిట్యూటరీ నిద్రపోయినది. గంటకొకమారు కొద్దికొద్దిగ ఇచ్చిన మేల్కొన్నది. అనగా సందేశమే కాక దాని తాళమును ముఖ్యమే. 1980 నుండి చిన్న పంపు ద్వారా ఈ తాళము తప్పక మందు నందించి, హైపోథలమస్ లోపముగల స్త్రీలకు సంతానము కలిగించుట సాధ్యమైనది. పరీక్షలోని వైఫల్యమే చికిత్సకు దారి చూపినదన్నమాట.

నేడు ఈ పరీక్షల స్థానము కొంత మారినది. ఎఫ్.ఎస్.హెచ్., ఈస్ట్రోజెను, ప్రొలాక్టిను, థైరాయిడు హార్మోనుల నేరు కొలతలును, అల్ట్రాసౌండును, అండముల నిలువను సూచించు ఎ.ఎమ్.హెచ్. కొలతయు ముందు వరుసకు వచ్చినవి. క్లోమిఫీను పరీక్ష చాలవరకు వెనుకబడినది. జి.ఎన్.ఆర్.హెచ్. పరీక్ష ఎక్కువగ వేళకు ముందే ఈడు వచ్చు పిల్లల విషయమున వాడుకలో ఉన్నది. ప్రొజెస్టెరోను పరీక్షను ఇంకను కొందరు వైద్యులు వాడుచున్నారు. కాని స్రావమైనంతమాత్రమున అంతయు బాగున్నదనియు, కానంతమాత్రమున అంతయు పోయినదనియు అనుకొనరాదు. రెండు వైపులను తప్పు సమాధానములు వచ్చుట కలదు.

ఈ చరిత్ర మనకు చెప్పునది ఒకటున్నది. ముట్టు ఆగుట ఒక రోగము పేరు కాదు, ఒక సూచన మాత్రమే. దాని వెనుక గర్భము ఉండవచ్చును, తిండి తగ్గుటయో మనోవ్యథయో ఉండవచ్చును, థైరాయిడు మందగించుట ఉండవచ్చును, 1935లో చికాగో నగరమున స్టీన్, లెవెంతాల్ వర్ణించిన అండాశయ వ్యాధి ఉండవచ్చును. పదునైదేండ్లు నిండినను ఈడేరని పిల్లను, మూడు నెలలు ముట్టు తప్పిన స్త్రీని మ్రొక్కుబడులతో కాలము గడపక వైద్యుని కడకు తీసికొనిపోవుట మేలు. సంతానలేమి యందు దాదాపు సగము జంటలలో పురుషుని లోపము పూర్తిగనో పాక్షికముగనో కారణమగుచున్నది. అతని వీర్యపరీక్ష సూది గాని, మాత్ర గాని అవసరము లేనిది. అట్టి సులువైన పరీక్షను ప్రక్కకు నెట్టి భార్యను ఆసుపత్రుల చుట్టు త్రిప్పుట వైద్యమునకును విరుద్ధము, న్యాయమునకును విరుద్ధము.

క్నావుర్ కుందేళ్ల నుండి నోబిల్ కోతుల వరకు ఎనుబదేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు అడిగిన ప్రశ్న ఒక్కటే: లోపము ఎచ్చట? మన యిండ్లలో ఇన్ని తరములుగ అడుగుచున్న ప్రశ్న వేరు: తప్పు ఎవరిది? మొదటి ప్రశ్నకు సమాధానము దొరకును, చికిత్సయు దొరకును. రెండవదానిని ఇక విడిచిపెట్టుట మంచిది.